సూక్ష్మజీవికి సరైన పేరు



రోగికి ఏ మందు ఇవ్వాలన్నది అతని శరీరంలో చేరిన సూక్ష్మజీవి ఏదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కనుక బాక్టీరియా జాతిని గుర్తించి పేరు చెప్పడం కేవలం శాస్త్రజ్ఞుల వర్గీకరణ వ్యాసంగం కాదు; చికిత్సకు అది తొలి మెట్టు.

క్షయ వ్యాధినే తీసుకొందాం. దానికి మూలమైన బాక్టీరియాను కనుగొన్నట్లు రాబర్ట్ కోక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. నాటి నుంచి కళ్లెకు రంగు వేసి సూక్ష్మదర్శినితో పరీక్షించడం వాడుకలోకి వచ్చింది. ఈ పద్ధతి చౌకైనది, సులభమైనది. అయితే మట్టిలోనూ నీటిలోనూ నివసించే దాని దాయాదులు కూడా ఆ రంగుకు అదే రూపంలో కనిపిస్తాయి. వాటికి వాడవలసిన మందులు వేరు. పోనీ, ప్రయోగశాలలో పెంచి చూద్దామంటే, ఈ బాక్టీరియా ఒకటి రెండు కావడానికే సుమారు 20 గంటలు పడుతుంది. ఫలితం తెలియడానికి వారాలు గడుస్తాయి. ఈలోగా రోగి క్షీణించవచ్చు. వ్యాధి ఇంటిల్లిపాదికీ సోకవచ్చు.

ఈ జాప్యాన్ని జన్యు పరీక్ష తగ్గించింది. ప్రతి బాక్టీరియాలోనూ 16ఎస్ అనే జన్యువు ఉంటుంది. సుమారు 1,500 అక్షరాల ఈ లిపిలో కొన్ని భాగాలు అన్ని జాతులకూ దాదాపు సమానం. కొన్ని జాతిని బట్టి మారుతాయి. ఆ మార్పులను చదివి జాతిని నిర్ణయిస్తారు. 1983లో కారీ మల్లిస్ రూపొందించిన పి.సి.ఆర్. పద్ధతిలో జన్యుభాగం ప్రతి ఆవృత్తికీ రెట్టింపవుతుంది. 30 ఆవృత్తులలో ఒక్క ప్రతి నూరు కోట్లకు మించుతుంది! అందుచేత స్వల్పమైన నమూనా సైతం పరీక్షకు చాలుతుంది.

ఈ సూత్రంపై పనిచేసే ఎక్స్‌పర్ట్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసు చేసింది. అది సుమారు రెండు గంటలలో క్షయను గుర్తించి, రిఫాంపిసిన్ మందుకు బాక్టీరియా లొంగుతుందో లేదో కూడా తెలుపుతుంది. భారతదేశంలో రూపొందిన ట్రూనాట్ పరీక్షకు 2020లో ఆ సంస్థ సిఫారసు లభించింది. బ్యాటరీతో పనిచేసే ఆ యంత్రం నిరంతర విద్యుత్తు లేని గ్రామీణ ఆరోగ్య కేంద్రాలలోనూ ఉపయోగపడుతుంది.

అయితే ఈ పరీక్షలకూ పరిమితులున్నాయి. పశువులకు క్షయ కలిగించే మైకోబాక్టీరియం బోవిస్ మానవులకూ సోకగలదు. పైరజినమైడ్ అనే మందుకు అది సహజంగా లొంగదు. కాని 16ఎస్ జన్యువును మాత్రమే చదివితే, అది మానవ క్షయ బాక్టీరియా నుంచి వేరుపడదు. మరొక చిక్కు ఏమంటే, చనిపోయిన బాక్టీరియా జన్యుపదార్థం కూడా పరీక్షలో బయటపడుతుంది. అందువల్ల చికిత్స ఫలించినదీ లేనిదీ తెలుసుకొనడానికి సూక్ష్మదర్శిని, బాక్టీరియా పెంపకం నేటికీ అవసరమే.

యంత్రం పేరు చెబుతుంది. సరైన నమూనాను సేకరించడం, ఆ పేరును రోగి లక్షణాలతో సరిపోల్చడం మనుషుల పని. మీలో రేపు ప్రయోగశాలలలో పనిచేయబోయేవారు ఈ రెండు బాధ్యతలనూ సమంగా నేర్చుకోవాలి. మారుమూల పల్లె నుంచి వచ్చిన నమూనాకూ మహానగరం నుంచి వచ్చిన నమూనాకూ ఒకే శ్రద్ధ, ఒకే కచ్చితత్వం దక్కినప్పుడే ఈ విజ్ఞానం దేశ ప్రజలందరిదీ అవుతుంది.