చేతిలో క్యారేజీ, గొంతులో పాట



స్నాతకోత్సవ వేదిక ఎక్కినవాళ్లు సాధారణంగా శాస్త్రవేత్తల గురించో, దేశనాయకుల గురించో, పెద్ద కంపెనీలు పెట్టినవాళ్ల గురించో చెబుతారు. నేను ఒక పాటగాడి గురించి చెబుతాను. పేరు బిల్ విథర్స్. అమెరికాలో నల్లజాతి కుటుంబంలో పుట్టి, సోల్, పాప్ పాటలు తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడినవాడు. ఆ పేరు మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆయన పాట మాత్రం ఏ సినిమాలోనో, ఏ రీల్ వెనకాలో మీ చెవిన పడే ఉంటుంది. అన్నం పెట్టే పనినీ, మనసు పడ్డ పనినీ ఒకే ఇంట్లో ఎలా కాపురం చేయించాలో ఆయన చూపించారు. ఎవరి మాట వినాలో, ఎవరి మాట కాదనాలో కూడా చూపించారు. ఈ హాలు గుమ్మం దాటగానే మీకు ఎదురయ్యేవి ఈ రెండే. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

విథర్స్ 1938 జులై 4న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. పెరిగింది దగ్గర్లోని బెక్లీ పట్టణంలో. మీలో కొత్తగూడెం, గోదావరిఖని వైపు నుంచి వచ్చినవాళ్లకు బొగ్గు ఊరి బతుకును నేను విడమరచి చెప్పనక్కర్లేదు. పదమూడో ఏట తండ్రి పోయారు. తల్లి, అమ్మమ్మ పెంచారు. ఆ అమ్మమ్మ చేతుల మీద ఆయన తర్వాతి కాలంలో రాసిన పాట ఇప్పటికీ ప్రపంచమంతా వింటోంది.

పిల్లవాడికి నత్తి. మాట మొదలుపెడితే ముందుకు సాగదు. ఎదుటివాళ్లు నవ్వుతారేమోనన్న భయం, ఆ భయంతో ఇంకా తడబాటు. యుక్తవయసులోనే అమెరికా నౌకాదళంలో చేరి తొమ్మిదేళ్లు పనిచేశారు. విమానాల మరమ్మతు నేర్చుకున్నారు. నత్తిని జయించిందీ, పాటల మీద మనసు పడిందీ ఆ కాలంలోనే. ఎదుటివాడు నన్నేమనుకుంటాడో అన్న భయంలోనే నత్తి వేరు ఉందని తనకు తోచినట్టు ఆయన తర్వాత చెప్పుకున్నారు. చాలా ఏళ్లకు, ఆయన మీద తీసిన ‘స్టిల్ బిల్’ అనే డాక్యుమెంటరీలో, నత్తి ఉన్న పిల్లల నాటక బృందం దగ్గరికి వెళ్లి వాళ్ల ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

1965లో నౌకాదళం నుంచి బయటికి వచ్చారు. ఓక్లండ్‌లోని ఒక క్లబ్‌కి వెళ్లినప్పటి సంగతి ఆయన సరదాగా చెప్పేవారు. ఆ రాత్రి పాడాల్సిన గాయకుడు లూ రాల్స్ ఇంకా రాలేదు. వారానికి రెండు వేల డాలర్లు ఇస్తుంటే వేళకు రాడేమిటని మేనేజర్ చిందులు తొక్కుతున్నాడు. అప్పట్లో విథర్స్ కూలి గంటకు మూడు డాలర్లు. ఇంతలో రాల్స్ నింపాదిగా రానే వచ్చాడు, ఆడవాళ్లంతా ఆయన చుట్టూ మూగారు. విథర్స్ అక్కడినుంచి నేరుగా వెళ్లి ఒక చౌక గిటారు కొనుక్కున్నారు. మహా సంకల్పాలు కొన్నిసార్లు ఇలాంటి మామూలు కోరికల నుంచే పుడతాయి. కాబట్టి మీ సంకల్పం ఎక్కడినుంచి పుట్టిందని సిగ్గుపడకండి.

1967లో లాస్ ఏంజెలెస్ చేరారు. ఉద్యోగం మానేసి గిటారు పట్టుకుని తిరగలేదు. పగలంతా విమాన పరికరాల ఫ్యాక్టరీల్లో పనిచేశారు. బోయింగ్ 747 విమానాల్లో బిగించే మరుగుదొడ్లు తయారుచేయడం వాటిలో ఒక పని. రాత్రిళ్లు పాటలు రాసుకోవడం, జీతంలో మిగిల్చిన డబ్బుతో నమూనా టేపులు రికార్డు చేయించుకుని కంపెనీల చుట్టూ తిరగడం. చివరికి సస్సెక్స్ రికార్డ్స్ అధిపతి క్లారెన్స్ అవాంట్ ఆయన్ని పిలిచారు. పాటలను రికార్డు చేసే బాధ్యతను అప్పటికే పేరున్న సంగీతకారుడు బుకర్ టి. జోన్స్‌కి అప్పగించారు.

రికార్డింగ్ తొలిరోజున విథర్స్ అడిగిన ప్రశ్నను జోన్స్ తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు. ఈ పాటలు ఎవరు పాడతారని అడిగారట ఆయన! నువ్వే పాడాలని జోన్స్ చెప్పాల్సి వచ్చింది. అలా 1971లో మొదటి ఆల్బమ్ ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ వచ్చింది. అప్పటికి ఆయన వయసు ముప్పై రెండు నిండింది. పాప్ సంగీతంలో ఇరవైలు దాటితే ముసలితనం. ఆ ఆల్బమ్ అట్ట మీది ఫొటో బర్‌బ్యాంక్‌లో ఆయన పనిచేసే ఫ్యాక్టరీ దగ్గర తీసిందే. మెరిసే కోటూ లేదు, వెనక రంగుల దీపాలూ లేవు. పనిబట్టలతో, చేతిలో భోజనం క్యారేజీతో నిలబడిన కార్మికుడు. సంగీత వ్యాపారం మీద ఆయనకు అప్పటికింకా నమ్మకం కుదరలేదు. ఉద్యోగం వదల్లేదు.

ఆ ఆల్బమ్‌లో ‘ఎయింట్ నో సన్‌షైన్’ అనే పాట ఉంది. ఒక సినిమా చూసి రాశారు. రాస్తూ రాస్తూ ఒక చోట మాటలు దొరకలేదు. తర్వాత పూరిద్దామని తాత్కాలికంగా రెండు చిన్న మాటలను పదేపదే పెట్టి ఉంచారు. 26 సార్లు! స్టూడియోలో ఉన్న సంగీతకారులు అది విని, మార్చొద్దు, అలాగే ఉంచమన్నారు. ఆయన ఫ్యాక్టరీ కార్మికుడు. వాళ్లు ఆరితేరినవాళ్లు. వాళ్ల మాట విన్నారు. కంపెనీవాళ్లు ఇంకో పాటను ముందుపెట్టి దీన్ని రికార్డుకు వెనక వైపు వేశారు. రేడియోవాళ్లు రికార్డు తిప్పేసి దీన్నే వేశారు. అది అమెరికా పాటల పట్టికలో మూడో స్థానానికి చేరింది, గ్రామీ అవార్డు తెచ్చింది. లక్షల్లో అమ్ముడుపోయి గోల్డ్ రికార్డు అయినప్పుడు, పాత ఉద్యోగాన్ని గుర్తుచేస్తూ కంపెనీవాళ్లు ఆయనకు బంగారు రంగు టాయిలెట్ సీటు బహూకరించారు.

ఈ మధ్యలో ఫ్యాక్టరీ ఆయన్ని తాత్కాలికంగా పనిలోంచి తీసింది. ఆయన చెప్పిన ప్రకారం, ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. మళ్లీ పనిలోకి రమ్మని ఒకటి. అమెరికా అంతా చూసే జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో పాడమని ఇంకొకటి. ఏది ఎంచుకున్నారో మీకు తెలుసు. అయితే రెండో ఉత్తరం వచ్చేదాకా ఆయన ఆకలితో ఎదురుచూడలేదన్నది గమనించండి. కూలి డబ్బులే ఆ ఎదురుచూపును పోషించాయి. నచ్చని పాట పాడాల్సిన అగత్యం రాకుండా కాపాడింది ఆ మరుగుదొడ్ల ఫ్యాక్టరీ జీతమే. మీలో కొందరికి మొదటి ఉద్యోగం మనసుకు నచ్చినది కాకపోవచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి. రేపు మీకు నచ్చిన పనిని బేరసారాల నుంచి కాపాడేది అదే కావచ్చు.

1972లో రెండో ఆల్బమ్ వచ్చింది. కొత్తగా కొన్న చిన్న ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చుని వేళ్లను పక్కపక్క మెట్ల మీద పైకీ కిందకీ నడిపిస్తుంటే పుట్టిన పాట ‘లీన్ ఆన్ మి’. సంగీతం కొత్తగా నేర్చుకునే పిల్లలు కూడా వాయించగల వరుస అది. లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరంలో పక్కింటివాడికి పక్కింటివాడు పట్టదు. గనుల ఊళ్లో అలా కాదు, ఒక ఇంట్లో కష్టమొస్తే నాలుగిళ్లు కదులుతాయి. ఆ వెలితిలోంచి, స్నేహితుడు స్నేహితుడికి ఆసరాగా నిలబడే పాట వచ్చింది. ఆ జులైలో మూడు వారాలు అమెరికా మొదటి స్థానంలో నిలిచింది. అదే ఏడాది అక్టోబరు 6న న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఆయన చేసిన కచేరీ సోల్ సంగీతంలో గొప్ప ప్రత్యక్ష రికార్డింగుల్లో ఒకటిగా నిలిచిపోయింది. వియత్నాం యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న సైనికుడి గొంతుతో ఆ రాత్రి ఆయన ఒక పాట పాడారు. పెద్ద పెద్ద నినాదాలేవీ లేకుండా, ఉత్తరం రాసుకోలేని ఒక కుర్రవాడి ఇబ్బంది ద్వారా యుద్ధమంటే ఏమిటో చెప్పారు.

ఇక్కడిదాకా విజయగాథ. దీనికి రెండో సగం ఉంది.

డబ్బు లెక్కల దగ్గర సస్సెక్స్‌తో గొడవలొచ్చాయి. కోపంలో, తాను రికార్డు చేసిన ఒక ఆల్బమ్ మొత్తాన్ని చెరిపేశానని ఆయనే చెప్పారు. ఆ వ్యవహారాన్ని ఇంకోలా చక్కబెట్టి ఉండొచ్చని కూడా తర్వాత ఒప్పుకున్నారు. న్యాయమైన కోపమే అయినా మనం కష్టపడి చేసిన పనిని మనమే చెరుపుకుంటే నష్టం మనకే. ఇది కూడా ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే.

1975లో సస్సెక్స్ మూతపడింది. ఆయన కొలంబియా అనే పెద్ద కంపెనీకి మారారు. 1977లో అక్కడ చేసిన ‘లవ్లీ డే’ పాటలో ఒకే స్వరాన్ని దాదాపు 18 సెకన్లు ఊపిరి తెగకుండా పట్టుకుంటారు. కానీ ఆ కంపెనీ అధికారులకు ఆయన పాటలు నచ్చేవి కావు. ఇలా రాయి, ఇది చేర్చు, ఫలానావాళ్లలా పాడు అనేవారు. ఎల్విస్ ప్రెస్లీ పాడిన పాటను మళ్లీ పాడమని ఒకాయన సలహా ఇచ్చారు. 1978 తర్వాత ఏడేళ్లపాటు ఆయన సొంత ఆల్బమ్ రాలేదు. ఆ మధ్యలోనే గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ అనే సాక్సఫోన్ విద్వాంసుడి ఆల్బమ్‌కి వెళ్లి ‘జస్ట్ ది టూ ఆఫ్ అస్’ పాడారు. 1981లో అది రెండో స్థానానికి ఎక్కింది, రెండో గ్రామీ ఇప్పించింది. తన కంపెనీ వద్దనుకున్న గొంతును బయట జనం నెత్తిన పెట్టుకున్నారు. 1985లో చివరి ఆల్బమ్ చేసి, ఆ వ్యాపారానికి ఒక దండం పెట్టి ఇంటికి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు. పద్నాలుగేళ్లలో ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు, అంతే.

స్టూడియోలో సంగీతకారులు 26 సార్ల మాటను అలాగే ఉంచమంటే తలవంచి విన్న మనిషి, ఆఫీసులో అధికారులు పాట మార్చమంటే ఎందుకు వినలేదు? అహంకారం వల్ల అయితే రెండుచోట్లా వినేవాడు కాదు. స్టూడియోలో మాట్లాడినవాళ్లు ఆయనతోపాటు కూర్చుని అదే పాటలో చేతులు పెట్టినవాళ్లు. వాళ్లు పాటను విన్నారు. ఆఫీసువాళ్లు అమ్మకాలను చూశారు. రేపు మీకూ సలహాలు కుప్పలుగా వస్తాయి. బంధువులిస్తారు, బాసులిస్తారు, ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోనులో ఇస్తారు. వాటిని జల్లెడ పట్టడానికి ఒక్క ప్రశ్న చాలు. ఈ చెప్పేవాడు నా పనిని పట్టి చూశాడా? చూసినవాడు చేదుగా చెప్పినా వినండి. చూడనివాడు తియ్యగా చెప్పినా నమస్కారం పెట్టి ముందుకు సాగండి.

కాదని చెప్పడానికి ధైర్యం ఒక్కటే సరిపోదు, స్థోమత కూడా కావాలి. విథర్స్ తన పాటల హక్కుల వ్యవహారాలను జాగ్రత్తగా చూసుకున్నారు. భార్య మార్షా ఆ ప్రచురణ సంస్థలను నడిపారు. 1987లో క్లబ్ నూవో అనే బృందం ‘లీన్ ఆన్ మి’ని కొత్తగా పాడితే అది మళ్లీ మొదటి స్థానానికి వెళ్లింది, రచయితగా ఆయనకు ఇంకో గ్రామీ వచ్చింది. ర్యాప్ బృందాలు ఆయన బాణీల ముక్కలు తీసుకుని కొత్త పాటలు కట్టాయి. ఆయన ఇంట్లో ఉన్నారు, పాటలు బయట పనిచేశాయి. మీరు రాసే కోడ్ అయినా, గీసే బొమ్మ అయినా, చేసే పరిశోధన అయినా సంతకం పెట్టేముందు ఒప్పందం చదవండి. మీ శ్రమ ఎవరి పేరున ఉంటుందో తెలుసుకోండి.

పేరు వెళ్లిపోతుందని ఆయన బెంగపెట్టుకోలేదు. ఒక హోటల్లో కొందరు ఆడవాళ్లు బిల్ విథర్స్ పాట గురించి మాట్లాడుకుంటుంటే, ఆ బిల్ విథర్స్‌ని నేనేనన్నారట. వాళ్లు నమ్మలేదు! దాన్నీ నవ్వుతూ చెప్పుకున్నారు. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన్ని స్టీవీ వండర్ ఆహ్వానించారు. అప్పుడైనా మళ్లీ కచేరీలు చేస్తారేమోనని అభిమానులు ఆశపడ్డారు. ఆయన చేయలేదు.

డాక్యుమెంటరీలో ఆయన చెప్పిన ఒక మాట సారాంశం మీకు అందిస్తాను. అద్భుతం అనే ఊరికి బయల్దేరడం మంచిదే. కానీ దారిలో ‘ఫరవాలేదు’ అనే ఊరు తగులుతుంది. అక్కడ ఆగి చుట్టూ బాగా చూసి అలవాటు పడండి, మీ ప్రయాణం అక్కడిదాకానే కావచ్చు. మూడు గ్రామీలు గెలిచిన మనిషి చెప్పాడు కాబట్టి దీన్ని నిరుత్సాహపు మాట అనుకోకండి. ఆ రెండో ఊళ్లో హాయిగా బతకడం తెలిసినవాణ్ణి ఎవరూ భయపెట్టలేరు.

2020 మార్చి 30న, 81 ఏళ్ల వయసులో, గుండె జబ్బుతో విథర్స్ లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. ప్రపంచమంతా తలుపులు మూసుకుని కూర్చున్న రోజులవి. ఎన్నో దేశాల్లో జనం ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి ‘లీన్ ఆన్ మి’ పాడుకున్నారు.

పట్టభద్రులారా, ఇంకొన్ని రోజుల్లో చుట్టాలంతా మిమ్మల్ని ప్యాకేజీ ఎంత అని అడుగుతారు. సంకోచం లేకుండా చెప్పండి, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ జీతంలోంచి నెలనెలా కొంత తీసి, మీరు నిజంగా ప్రేమించే పని కోసం పక్కన పెట్టండి. దానికి రోజులో ఒక గంట కేటాయించండి. ముప్పై దాటాయని దాన్ని మూలన పడేయకండి. చేతిలో విద్య, ఒంట్లో ఓపిక, ఇంట్లో కాస్త నిల్వ ఉన్నవాడికే కాదనే హక్కు దక్కుతుంది. ఆ మూడూ సంపాదించుకోండి. ఆ తర్వాత మీరు ఔనన్న పనికి ప్రాణం పెట్టి చేయండి.