ధరల పట్టికలో శాతం పెంపు – సభ్యులు సరిచూచుకొనవలసిన లెక్క
(చిన్నకోడూరులో పాల సంఘాల సభ్యుల సమావేశమున సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠము)



పాలధర పెరిగిందన్న కబురు వస్తే మనకందరికీ సంతోషమే. కాని కబురు వచ్చినంత మాత్రాన పైసలు చేతికి రావు. పెరిగిన ధర సంఘం పట్టికలోకి సరిగా ఎక్కినప్పుడే వస్తాయి. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌తో ఆనంద్ పద్ధతి ఊరూరా వ్యాపించింది. పాలను పరీక్షించి, వెన్నను బట్టి ధర కట్టడమే దాని ప్రాణం. ఆ ప్రాణం పట్టికలో ఉన్నది. పూర్వం పట్టిక చేతితో వ్రాసేవారము. ఇప్పుడు కంప్యూటరులో స్ప్రెడ్‌షీటు చేస్తుంది. యంత్రం లెక్క తప్పదు. చెప్పేవారు తప్పు చెబితే మాత్రం అదే తప్పు చేస్తుంది.

ఒక సంఘానికి మేము తనిఖీకి వెళ్ళినప్పటి సంగతి చెబుతాము. ధర 5 శాతం పెరిగింది. ధరల నిలువు వరుసను 1.05తో హెచ్చవేసినారు. అయితే తెర మీద కనబడినంత మేరకే గడులను ఎంచుకున్నారు. 6.9 వెన్న వరకు ధర మారింది, 7.0 నుండి కింద పాత ధరే మిగిలింది. కిలో వెన్నకు 700 రూపాయలనుకుని లెక్క చూడండి. 6.9 పాలకు కిలో ధర 48.30 నుండి 50.72 అయింది. 7.0 పాలకు 49.00 గానే ఉన్నది. రావలసినది 51.45.

దీన్ని పట్టుకున్నది మేము కాదు, ఒక బర్రె పాలు పోసే అక్క. తన పాలు చిక్కబడితే ధర పలుచబడిందేమని అడిగింది. ఆమె రోజుకు 8 కిలోలు పోస్తుంది. కిలోకు 2.45 చొప్పున రోజుకు 19.60, పదిహేను రోజుల బిల్లుకు 294 రూపాయల నష్టం. పాలకవర్గం తీర్మానం చేసి, అట్టి సభ్యులందరికీ బకాయి చెల్లించింది.

ఇంకొక పొరపాటు, ఒకే పెంపును రెండుసార్లు వేయుట. కార్యదర్శి ఒకసారి, సహాయకుడు ఒకసారి వేస్తే 100 రూపాయలు 105, ఆపై 110.25 అవుతుంది. సంఘం తనకు రాని సొమ్ము పంచి, సంవత్సరాంతమున నష్టం చూపుతుంది. పోయేది మన బోనసే. దిద్దాలని 5 శాతం తగ్గించినా లెక్క కుదరదు. 105లో 5 శాతం తీస్తే 99.75 మిగులును గాని 100 కాదు. 1.05తో భాగించవలెను.

కావున మా సూచనలు ఇవి. పాత ధరల వరుసను చెరపవద్దు. కొత్త ధరను పక్క వరుసలో కట్టండి. శాతాన్ని ఒక్క గడిలోనే వ్రాసి, అన్ని వరుసలూ ఆ గడినే చూచునట్లు సూత్రం పెట్టండి. కిలో వెన్న ధర మీద పట్టిక నడిచే చోట 700ను 735గా మార్చితే చాలు, మిగతావన్నీ వాటంతట అవే మారును. పైసలను రెండు స్థానాల వరకు సవరించండి. రూపాయికి కుదించి పైసలు కొట్టివేయవద్దు. సర్క్యులరులో ఉన్నది శాతమా, లీటరుకు ఇన్ని రూపాయలా అన్నది మొదట చదవండి. శాతమైతే చిక్కని పాలకు ఎక్కువ పెరుగును. రూపాయలైతే అందరికీ ఒకటే. పట్టిక మీద అమలు తేదీ, ఉదయమా సాయంత్రమా అన్నది కూడా వ్రాయండి.

సభ్యులు చేయవలసిన పని చిన్నదే. పట్టికలో మొదటి ధర, నడిమి ధర, చివరి ధర తీసుకొని, కొత్తదానిని పాతదానితో భాగించండి. మూడు చోట్లా 1.05 రావలెను. ఇంట్లో బడికి పోయే పిల్లలున్నా ఈ లెక్క చేసిపెడతారు. అడిగితే కార్యదర్శి నొచ్చుకుంటాడని సంకోచించవద్దు. సంఘం మనది, పట్టికా మనదే. అడిగే సభ్యులున్న సంఘంలోనే లెక్క నిలుస్తుంది.