'ప్రశాంత గ్రామం' బొమ్మలో లేనిది

(చీపురుపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తాడిచెట్లు, పూరిళ్ళు, నిండు చెరువు, గట్టు మీద బిందెతో ఒక స్త్రీ. ఈ 'ప్రశాంత గ్రామం' బొమ్మ మనందరికీ తెలిసిందే. క్యాలెండర్లలో, ఆఫీసు గోడల మీద చూస్తూనే ఉంటాం. అందులో స్త్రీకి మొహం కూడా సరిగా ఉండదు. చెట్టులాగే ఆమె కూడా ప్రకృతిలో ఒక భాగం. ఆమె నీళ్ళు మోస్తోందనీ, అది శ్రమ అనీ చూసేవారికి తోచదు.

అదే చెరువును మన ప్రాంతంలో చూడండి. గోగు కోసి, మోపులు కట్టి, నీళ్ళలో ఊరవేస్తారు. ఆ కుళ్ళు వాసనలో, నీళ్ళలో నిలబడి నార తీస్తారు. మాంగనీసు తవ్వకాలూ, గరివిడి ఫెర్రో కర్మాగారమూ, పనికోసం వలసపోయే కుటుంబాలూ ఈ నేలవే. ఇవన్నీ తీసేస్తే తప్ప పల్లె 'ప్రశాంతంగా' కనబడదు.

కుంచె ఎవరిదన్నదీ ప్రశ్నే. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆయన పేరిట అక్కడ చిత్రశాల ఉంది. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. వారి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

పొలం సంగతీ ఇంతే. నాటు, కలుపు, కోత ఆడవాళ్ళవి. పాసు పుస్తకంలో పేరు చాలాచోట్ల మగవాళ్ళది. మన రాష్ట్రంలో 1985 సవరణ పెళ్ళికాని కూతుళ్ళకు హిందూ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్ళయిన కూతుళ్ళకూ ఇచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టబద్ధంగా జరిగిన పంపకాలను మాత్రం ఈ సవరణ తిరగదోడదు.

చట్టం ఉన్నా వాటా అడగరెందుకు? అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని భయం. పసుపు కుంకుమల కింద ఇచ్చిన చీరతో సరిపెట్టుకుని, అన్నదమ్ములు చూపిన కాగితం మీద వేలిముద్ర వేస్తారు. ఊరి ప్రశాంతతకు ఆమె చెల్లిస్తున్న ధర ఇది.

అందుకే ఒక సూచన. మీ సంఘాల్లో ఆడవాళ్ళ చేతే ముగ్గుపిండితో నేలమీద ఊరి పటం గీయించండి. ఒక్కో చెక్కలో ఎవరు పని చేస్తున్నారో, 1-బిలో ఎవరి పేరుందో పక్కపక్కనే రాయించండి. చదవకుండా, చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయవద్దని ప్రతి సమావేశంలోనూ చెప్పండి. వాటా అడిగిన స్త్రీ వెంట తహసీల్దారు ఆఫీసుకు నలుగురైనా వెళ్ళండి. ఒంటరిగా అడిగితే గొడవ అంటారు, కలిసి అడిగితే హక్కు అని ఒప్పుకోక తప్పదు.