పెరిగిన ప్రీమియం ఏ పద్దు క్రింద?

(శాఖా సర్వసభ్య సమావేశంలో ఒక రైల్వే ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నేడు నేను మాట్లాడబోయేది కరువు భత్యం గురించి కాదు, బదిలీల విధానం గురించి కాదు. మనలో అనేకులు అప్పు చేసి కొనుక్కున్న కారుకు ఏటేటా చెల్లించే బీమా గురించి. ఇది సంఘం వేదికపై చెప్పవలసిన విషయమా అని కొందరికి తోచవచ్చును. మన జీతంలోనుండి అకారణంగా పోయే ప్రతి రూపాయీ సంఘానికి సంబంధించినదే అని నా అభిప్రాయం. పైగా ఈ వ్యవహారంలో మొదటి తప్పు నాదే గనుక, దాచకుండా చెప్పడానికి నాకు సంకోచం లేదు.

2024లో నాకు గుంతకల్లు నుండి సికింద్రాబాదుకు బదిలీ అయినది. క్వార్టర్సు ఖాళీ చేయడం, సామాను చేరవేయడం, పిల్లల చదువులకు ఏర్పాట్లు చూడడం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ సందడిలో మార్చి 12న నా కారు పాలసీ గడువు ముగిసినది. రెన్యువల్ నోటీసు గుంతకల్లు క్వార్టరుకు పోయినది. చిరునామా మార్చవలసినదని బీమా సంస్థకు నేను వ్రాయలేదు. మే 24న వేరే కాగితం కోసం పెట్టె వెదకుతుండగా పాత పాలసీ చేతికి వచ్చినది. లెక్కించి చూడగా అప్పటికి 73 రోజులు గడచిపోయినవి.

వెంటనే సంస్థను అడిగితే 14,651 రూపాయలు చెల్లించమన్నారు. అంతకుముందు సంవత్సరం నేను కట్టినది 8,751. అంటే 5,900 రూపాయల పెరుగుదల. కారణమేమని ఫోనులో అడిగితే, "పాలసీ లాప్స్ అయినది కదండీ!" అన్నారు. ఆ ఒక్క మాటతో నా నోరు మూతపడినది. తప్పు నాదే గదా, కట్టక ఏమి చేయగలమని డబ్బు సిద్ధం చేసుకున్నాను.

అప్పుడు ఒక సంగతి స్ఫురించినది. నెలాఖరున పే స్లిప్పులో మొత్తం తగ్గితే మనమేమి చేస్తాము? మొత్తాన్ని చూసి వాదించము. ఏ పద్దు క్రింద రికవరీ జరిగినది, ఏ ఉత్తర్వు ప్రకారం జరిగినది అని అడుగుతాము. బీమా బిల్లును మాత్రం అలా ఎందుకు అడగకూడదు? లెక్కను విడదీసి పంపమని సంస్థకు వ్రాశాను. పంపారు.

మిత్రులారా, కారు బీమాలో ముఖ్యంగా రెండు భాగాలున్నవి. మొదటిది థర్డ్ పార్టీ భాగం. మన వాహనం వలన ఇతరులకు జరిగే నష్టానికి ఇది రక్షణ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఇది లేకుండా వాహనం రోడ్డెక్కరాదు. దీని ధరను ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సి.సి. మించని కారుకు 2,094 రూపాయలు, 1000 మించి 1500 లోపు కారుకు 3,416, 1500 మించితే 7,897. 2024లో నా కారుకు వర్తించినది 3,416. గడువు తప్పినవాడైనా, తప్పనివాడైనా చెల్లించవలసినది ఇదే. కనుక పెరుగుదల ఇక్కడ ఉండడానికి వీలులేదు, లేదు కూడా.

రెండవది స్వంత నష్టం భాగం, అనగా మన కారుకు జరిగే నష్టానికి రక్షణ. 2007 జనవరి 1 నుండి దీని ధరపై నియంత్రణ తొలగినది. సంస్థలు తమ తమ రేట్లు నిర్ణయించుకొనవచ్చును. గత సంవత్సరం నాకు ఈ పద్దు క్రింద 8,000 వేసి, నో క్లెయిమ్ బోనస్ 50 శాతం తగ్గించి, 4,000 తీసుకున్నారు. ఈసారి 9,000 వేశారు. బోనస్ గడిలో సున్నా పెట్టారు. రెండు భాగాలపై 18 శాతం జి.ఎస్.టి. కలిపి 14,651 తేల్చారు.

ఆ సున్నా దగ్గరే నా కన్ను ఆగినది. ఒక సంవత్సరం క్లెయిము చేయకపోతే 20 శాతం, తరువాత వరుసగా 25, 35, 45, అయిదేండ్లకు 50 శాతం. ఇదీ ఆ బోనస్ ఎక్కే మెట్ల వరుస. వైకుంఠపాళిలో పాము నోట పడినట్లు అయిదేండ్ల నిచ్చెన ఒక్కసారిగా జారిపోవడం ఎప్పుడు? గడువు ముగిసిన 90 రోజులలోగా రెన్యువల్ చేయనప్పుడు. నాకు గడచినవి 73 రోజులు. జూన్ 10 వరకు నాకు వ్యవధి ఉన్నది. లాప్స్ అయినది నిజమే. కాని ఆ లాప్స్‌కు విధించిన శిక్ష నిబంధనలో లేనిది.

ఇక్కడ నేను చేసిన మొదటి పని వాదన కాదు. అదే రోజున థర్డ్ పార్టీ పాలసీని మాత్రం విడిగా తీసుకున్నాను. పన్నుతో 4,031 రూపాయలు అయినది. స్వంత నష్టం పాలసీని విడిగా తీసుకొనే వీలు 2019 సెప్టెంబరు 1 నుండి ఉన్నది గనుక, దాని ధరపై తగవు తరువాత తేల్చుకొనవచ్చును. ఎందుకింత తొందర? ఆ 73 రోజులలో తెలియక రెండు మూడు పర్యాయాలు కారు నడిపాను. ఒక రాత్రి మా అమ్మగారిని స్టేషను నుండి ఇంటికి తీసుకువచ్చాను. పోలీసులు ఆపి ఉంటే 196వ సెక్షను క్రింద మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేక రెండూ. అది చిన్న విషయం. ఆ రాత్రి దారిలో ఏ కూలీకో, రాత్రి డ్యూటీ ముగించి సైకిలుపై పోతున్న ఏ తోటి ఉద్యోగికో నా కారు తగిలి ఉంటే, ఆ కుటుంబానికి ట్రిబ్యునలు నిర్ణయించే పరిహారం నా జీతం నుండి, నా పి.ఎఫ్. నుండి రావాలి. నా వద్ద లేకపోతే ఆ కుటుంబం గతి ఏమిటి? బీమా మన కారు కోసం మాత్రమే కాదు, మన కారు ముందు నడిచే మనిషి కోసం కూడా. ధర తగవు తేలేవరకు ఆ మనిషిని రక్షణ లేకుండా ఉంచే హక్కు మనకు లేదు.

తరువాత సంస్థ ఫిర్యాదుల అధికారికి ఇ-మెయిలు ద్వారా, స్పీడ్ పోస్టు ద్వారా లేఖ పంపాను. అందులో నాలుగే వాక్యాలు: పాలసీ ముగిసిన తేదీ, నేటి తేదీ, గడచిన రోజుల సంఖ్య, ముగిసిన పాలసీపై క్లెయిము లేదన్న వాస్తవం. దానితోబాటు రెండు ప్రార్థనలు. ఒకటి, బోనస్ పునరుద్ధరించవలెను. రెండు, 8,000ను 9,000 చేయడానికి కారణం తెలుపవలెను. తపాలా సోదరులకు నేను చెప్పనక్కరలేదు, తేదీ ముద్రపడిన రసీదును మించిన సాక్షి లేదు.

వారం రోజులకు జవాబు వచ్చినది. బోనస్ ఇచ్చారు. 9,000 మాత్రం తగ్గించలేదు. ఆ రేటు నిర్ణయించుకొనే స్వేచ్ఛ సంస్థకున్నది. నాకున్న స్వేచ్ఛ మరొక సంస్థకు పోవడం. బోనస్ యజమానితోబాటు వచ్చునది గనుక దానిని ఇతర సంస్థకు తీసుకుపోవచ్చును. విచారించగా ఇతరుల రేట్లు అంతకంటె మేలుగా లేవు. కారు తనిఖీ కూడా తప్పలేదు. గడువు తప్పిన కారును చూడకుండా ఎవరు పూచీపడతారు? జూన్ 6న పన్నుతో 5,310 చెల్లించాను. రెండూ కలిపి 9,341. పెరిగిన 5,900లో 5,310 తగ్గినది, 590 మిగిలినది. ఆ 590ని నేను అన్యాయమనను.

ఇదే జూన్ 11 అయి ఉంటే నేను వాదించడానికి ఏమీ ఉండేది కాదు. బండి కదలిన తరువాత ప్లాట్‌ఫారంపై పరుగెత్తినందువలన లాభం లేదని మనకంటె ఎవరికి తెలుసు? ఒకవేళ జవాబు రాకుండా 90వ రోజు దగ్గరపడితే, అభ్యంతరం వ్రాతపూర్వకంగా తెలియజేసి పూర్తి మొత్తం చెల్లించి, తరువాత పోరాడడం మేలు. సంస్థ నెలలోగా జవాబివ్వకపోయినా, తిరస్కరించినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. ప్రీమియం గురించిన తగవులు కూడా ఆయన పరిధిలోనివే. రుసుము లేదు, వకీలుతో పనిలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఖరగ్‌పూర్‌లోని మన తెలుగు సోదరులు కోల్‌కతా కార్యాలయానికి వ్రాయాలి.

ఒక హెచ్చరిక. క్లెయిము తీసుకొని ఉండి, లేదని వ్రాసి బోనస్ అడగకండి. ఆ అబద్ధం రేపు ప్రమాదం జరిగిననాడు మన క్లెయిమునే కాటువేస్తుంది. నిజం మన పక్షాన ఉన్నప్పుడే నాలుగు వాక్యాల లేఖకు బలం.

చివరగా శాఖకు ఒక సూచన. బదిలీపై వచ్చే, పోయే ప్రతి సభ్యునికి మనమిచ్చే కాగితంలో ఒక వరుస చేర్చుదాం: "వాహన బీమా ముగియు తేదీ, చిరునామా మార్చితిరా?" అలాగే ప్రతి రెన్యువల్ నోటీసుపై గత సంవత్సరపు లెక్కను ప్రక్కనే అచ్చువేసి, పెరిగినచోట కారణం వ్రాయవలెనని బీమా నియంత్రణ సంస్థను కోరుతూ ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. కారణం వ్రాయవలసి వచ్చినచోట ఊరికే సున్నా పెట్టడానికి ఎవరికీ చేయి రాదు.

తీర్మానాన్ని బలపరచవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.