కలిసి పనిచేసేవారి మధ్య మాట
(సంఘం ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాతబస్తీలో దారుల్‌షిఫా అనే పేట ఉన్నది. నాలుగు వందల ఏళ్ల కిందట మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన వైద్యశాల పేరే ఆ పేటకు నిలిచింది. స్వస్థత చేకూర్చే ఇల్లు అని దాని అర్థం. అయితే మానసిక వ్యాధికి ఒక్క ఇల్లు చాలదు. ఎర్రగడ్డ ఆసుపత్రిలో డాక్టరుగారు మందు రాస్తారు. బస్తీలో నర్సు, ఆశా కార్యకర్త ఆ మనిషిని కనిపెట్టి ఉండాలి. ఇంట్లో తల్లి మాత్ర వేయించాలి. వీరి మధ్య మాట తెగితే నష్టపోయేది రోగి.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం మొదలైనాయి. వైద్యాన్ని ఇంటి దగ్గరకు తేవాలన్నది వాటి ఆశయం. పని పలువురి చేతుల్లోకి వెళ్లినప్పుడు ఆ చేతులను కలిపేదెవరు?

ఈ ప్రశ్న జెరాల్డ్ కాప్లాన్ అనే మనోవైద్యునికి జెరూసలేంలో ఎదురైంది. వలస వచ్చిన పిల్లలు వేలల్లో, నిపుణులు కొద్దిమంది. పిల్లలందరినీ తాను చూడలేక, వారిని పెంచే సిబ్బంది దగ్గరకే వెళ్లి మాట్లాడసాగాడు. ఆ పద్ధతిని 1970లో పుస్తకంగా రాశాడు. పనిచేసేవారికి ఇబ్బంది నాలుగు కారణాల వల్ల వస్తుందన్నాడు: తెలియకపోవడం, నేర్పు లేకపోవడం, ధైర్యం చాలకపోవడం, సొంత అనుభవం అడ్డుపడి ఎదుటి మనిషిని ఉన్నట్టు చూడలేకపోవడం. లండన్‌లో మైకేల్ బాలింట్ కూడా 1950ల్లో డాక్టర్లను కూర్చోబెట్టి, తమను కలతపెట్టిన రోగుల గురించి చెప్పించాడు.

ఈ రంగంలో నేను తరచు చూసినదాన్ని ఒక ఉదాహరణగా చెబుతాను. ఒక యువకుడు ఇంజెక్షనుకు రావడం మానేశాడు. ఇంటివారు సహకరించరని నర్సు అంటుంది. ఆశా కార్యకర్త ఇంటికే వెళ్లడం లేదని డాక్టరు కోపం. తమకు ఉర్దూలో ఎవరూ విడమరచి చెప్పలేదని తల్లి బాధ. అప్పుడు బయటినుంచి వచ్చిన సైకాలజిస్టు తప్పెవరిదని అడగడు. చివరిసారి ఇంటికెవరు వెళ్లారు, ఏం చూశారు, మళ్లీ వెళ్లడానికి అడ్డేమిటి అని అడుగుతాడు. ఆ ఇంట్లో కేకలు విని ఆశా కార్యకర్త భయపడిందని అప్పుడు బయటపడుతుంది. ఇద్దరు కలిసి వెళ్లాలని నిర్ణయమవుతుంది. తగాదాగా కనబడినది నిజానికి భయం.

మనం ఉద్యోగాలు చేసినవాళ్లం. మెమో ఎలా పనిచేస్తుందో ఎరుగుదుం. ఈ సలహాదారు పై అధికారి కాడు, కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాయడు, ఎవరి ఇంటి సంగతులూ తవ్వడు. అందుకే ఆయన ముందు సిబ్బంది నిజం చెప్పగలుగుతారు. సిబ్బంది కొరత, మందుల కొరత మాత్రం ఆయన మాటలతో తీరవు. అవి ప్రభుత్వమే తీర్చాలి.

మనలో కొందరి ఇళ్లలో ఇలాంటి బిడ్డలున్నారు. అమ్మానాన్నలు కూడా ఆ జట్టులో సభ్యులే. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ మందు, ఏ తేదీ, ఎవరేం చెప్పారు అన్నీ రాసి ప్రతిచోటా చూపించండి. పొంతన లేని మాటలు వినబడితే, అందరూ ఒకసారి కలిసి కూర్చుని మాట్లాడమని మర్యాదగా అడగండి. ఫోనులో సలహాకు 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉన్నది. మన సంఘం కూడా మన బస్తీల దవాఖానాల్లో నెలకొకసారి ఇలాంటి సమావేశం జరపాలని అర్జీ పెట్టాలని నా కోరిక.