ఓడనంటు గుల్ల



నేను పీర్జాదిగూడవాడను. మా యూరికి మూసీనది సమీపము, సముద్రము బహుదూరము. అయినను నేడు సముద్రపు సంగతి యొకటి చెప్పబూనితిని. దాని మొదలు మన బావి మెట్లమీదనే కలదు. ఎల్లప్పుడును తడిసియుండు మెట్టును వ్రేలితో తాకిచూడుడు, జారుచుండును. దానిని పాచి యందుము. కంటికి కానరాని సూక్ష్మజీవులు తమచుట్టు తామే అల్లుకొనిన జిగురుపొర యది.

సముద్రమున నొక పలకను ముంచినచో కొన్ని గంటలలోనే దానిపై నిట్టి పొర మొదలగును. ఆ పొరను తడవి గుణము తెలిసికొనగల జీవి బార్నకిల్. చూచుటకు సున్నపు గుల్ల; జాతిచే రొయ్యలకును పీతలకును చుట్టము.

ఇది పిల్లప్రాయమున నీటిలో నీదుచు, ఆరు దశలు గడచినపిమ్మట వేఱొక రూపము దాల్చును. అప్పుడిక మేత మేయదు. ఒడలిలో దాచుకొనిన నూనెయే దాని బత్తెము. అది తీరులోపల నివాసము వెదకుకొనవలెను. రెండు మీసములను కాళ్లుగా జేసికొని నడచి పరీక్షించును. నచ్చనిచో నీదిపోవును, నచ్చినచో బంక విడిచి అంటుకొనును. ఆపై చచ్చువఱకు కదలదు. పిల్లనిచ్చుటకు ముందు మనము ఊరును, నీటిని, ఇరుగుపొరుగును విచారింతుము గదా! ఇదియు నట్లే విచారించును. గుంటలును పగుళ్లును గల రాయి దానికాశ్రయము. గాజు, లోహము, కఱ్ఱ మున్నగువానిలో నొక జాతికి నచ్చినది వేఱొక జాతికి నచ్చదు. పాచులలో కొన్ని దానిని పిలుచును, కొన్ని తఱుమును. తనవారు ముందే నెలకొనిన చోటన్నచో మిక్కిలి ప్రీతి. ఇరుగుపొరుగు లేనిదే సాధారణముగా సంతతి కలుగదు.

మన తీరపు జాలరులు తెప్పను ఒడ్డునకు లాగి ఆరవేయుదురు గావున వారికీ బెడద స్వల్పము. నీటినుండి వెలువడని ఓడ మాట వేఱు. అడుగు గరుకెక్కి నడక మందగించును, ఇంధనపు వ్యయము పెరుగును. 1933లో తెరవబడిన విశాఖపట్టణపు రేవునందలి యిట్టి జీవులను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు పి. ఎన్. గణపతిగారును వారి సహచరులును 1950 దశకమున పరిశోధించిరి.

పూర్వము మనుష్యులకు తెలిసిన ఉపాయములలో విషమొకటి. 1761లో ఆంగ్లేయులు తమ యుద్ధనౌక యొకదానికి రాగిరేకులు తొడిగిరి. ఇరువదవ శతాబ్దమున తగరపు సమ్మేళన మొకటి కలిపిన రంగు పూసిరి. గుల్లలు నశించెను, కాని యా విషము నీటిలో దిగి ఆల్చిప్పలను వికృతము గావించెను, ఆడ నత్తలను గొడ్రాండ్రను జేసెను. తుదకు 2001లో కుదిరిన అంతర్జాతీయపు ఒడంబడిక 2008లో అమలునకు వచ్చి దానిని నిషేధించెను.

ఇప్పుడు మఱియొక త్రోవ కలదు. సిలికోను పూతపై గుల్ల అంటుకొనినను పట్టు చిక్కదు; ఓడ వడిగా సాగినపుడు నీటి తాకిడికే ఊడిపోవును. ఏ పాచి తఱుమునో, ఏ పాచి పిలుచునో యను పరిశోధనయు సాగుచున్నది. ఆ చిన్న జీవి యేమి కోరుచున్నదో ముందే విచారించియున్నచో, అన్ని యేండ్లు సముద్రమున విషము గలుపవలసిన పని యుండెడిది కాదు. మన చేనిలో పురుగు కనబడినపుడును మందు చల్లుటకు ముందు ఈ మాట తలచుకొనుడు.

సెలవు.