సీసాలో ఉన్నది రెండు ఇడ్లీలే

ముందు మీకో ప్రశ్న. ఇంట్లో ఎవరికైనా నీరసంగా ఉంటే "డాక్టరుగారూ, బలానికి ఓ సెలైన్ ఎక్కించండి" అని ఎప్పుడూ అడగనివాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులు పెద్దగా లేవలేదు. ఫర్వాలేదు, మా అమ్మకి జ్వరమొచ్చినప్పుడు నేనూ అడిగాను. అప్పటికే నేను డైటీషియన్‌ని!

ఆ సీసాలో ఏముందో చూద్దాం. ఉత్త సెలైన్ అయితే అర లీటరు నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. బలం సున్నా. గ్లూకోజు సీసా అంటారా, అర లీటరులో 25 గ్రాముల చక్కెర. వంద కేలరీలకు మించదు. అంటే రెండు ఇడ్లీలు, అదీ చట్నీ లేకుండా. వాంతులూ విరేచనాలూ అయి ఒంట్లో నీరు పోయినవాడికి ఆ సీసా ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ అది అన్నం కాదు. సీసా వేలాడుతుంటే మాత్రం మంచం చుట్టూ ఉన్న అందరికీ మనిషి కడుపు నిండినట్టే ఉంటుంది.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగి ఒక పెద్దాయన చేరాడు. పొద్దున్నే ఆపరేషన్, రాత్రి పది నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి "ఇవాళ కుదరదు, రేపు" అన్నారు. ఇలా మూడుసార్లు. నాలుగో రోజు ఆయన కేస్ షీట్ తిరగేశాను. బీపీ ఉంది, నాడి ఉంది, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లో ఉంది. ఏం తిన్నాడో ఎక్కడా లేదు. ఎవరూ ఆయన్ని పస్తు పెట్టాలనుకోలేదు. తిన్నాడో లేదో రాయడం ఎవరి పనీ కాకుండా పోయింది, అంతే. నిజానికి మామూలు పేషెంటుకి మత్తు ఇచ్చే ముందు తేలికపాటి తిండి ఆరు గంటలు, మంచినీళ్లు రెండు గంటలు ఆపితే చాలని మత్తు డాక్టర్ల సంఘాలే చెబుతున్నాయి.

ఇది మన ఊళ్ల జబ్బే అనుకోకండి. 1974లో అమెరికాలో బటర్‌వర్త్ అనే డాక్టరు ఈ సంగతే బయటపెట్టి పెద్ద దుమారం లేపాడు. ఎత్తు, బరువు రాయరు, పరీక్షల పేరు చెప్పి పూట పూటా తిండి మాన్పిస్తారు, వారాల తరబడి గ్లూకోజు సీసాల మీదే ఉంచుతారు, ఇదీ ఆయన గోడు. అంతకు చాలా ముందు, 1936లో, క్లీవ్‌లాండ్‌లో స్టడ్లీ అనే సర్జన్ అల్సర్ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ల లెక్కలు తీశాడు. ఆపరేషన్‌కి ముందే ఒంటి బరువులో ఐదో వంతు పైగా కోల్పోయినవాళ్లలో మూడోవంతు మంది చనిపోయారు. అంత తగ్గనివాళ్లలో నూటికి ముగ్గురు, నలుగురు. అదే కత్తి, అదే చెయ్యి.

ఇప్పుడు మన వంతు. ఆపరేషన్ అయినవాడికి పప్పు పెట్టం, చీము పడుతుందని. గుడ్డు పెట్టం, వేడి చేస్తుందని. పెరుగు జలుబు, వంకాయ దురద. ఇక మిగిలింది ఇడ్లీ, చారన్నం, చూడ్డానికొచ్చినవాళ్లు తెచ్చిన బ్రెడ్డు. రోజంతా ఇవే తింటే ఒంటికి చేరే ప్రోటీన్ 20 గ్రాములు దాటదు. జబ్బు మీదున్న 50 కిలోల మనిషికి 60 గ్రాములైనా కావాలి. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది? కండ నుంచి. ఒళ్లు తన కండని తనే కరిగించుకుంటుంది. కాళ్ల కండ పోతే నడక పోతుంది. ఊపిరి పీల్చే కండ పోతే దగ్గి కఫం బయటకు తెచ్చుకోలేడు, నిమోనియా పట్టుకుంటుంది. పుండు మానడానికి కావాల్సిన సరుకు ఆ పప్పులోనూ గుడ్డులోనూ ఉంది. చీము పట్టించేది సూక్ష్మజీవులు. కందిపప్పుకి ఆ పాపం అంటగట్టకండి. కిడ్నీ జబ్బువాళ్ల లెక్క వేరు, వాళ్లు డాక్టరు చెప్పినట్టే తినాలి. కొబ్బరిబోండం కూడా వాళ్లకి అడగకుండా పట్టొద్దు.

"లంఖణం పరమౌషధం" అంటారు కదా, అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒకప్పుడు ఐరోపాలోనూ జ్వరం వస్తే పస్తు పెట్టేవారు. డబ్లిన్‌లో గ్రేవ్స్ అనే డాక్టరు దానికి ఎదురుతిరిగి, జ్వరగాళ్లకి తిండి పెట్టాడని తన సమాధి మీద రాస్తే చాలన్నాడట. మన పెద్దవాళ్లలోనూ ఒక తెలివి ఉంది, మనం దాన్నే మర్చిపోయాం. లంఖణాలు చేసినవాడికి ఒక్కసారిగా విందు పెట్టేవారు కాదు. ముందు కట్టు, తర్వాత పలచని జావ, ఆ తర్వాతే పథ్యం అన్నం. రోజుల తరబడి పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర ఆకలి శిబిరాల నుంచి విడుదలైనవాళ్లలో కొందరు తిండి దొరికాకే పోయారు. లంఖణం సంగతి నేను ఒప్పుకోను గానీ, ఆ పథ్యం పెట్టే పద్ధతికి దండం పెడతాను.

తిండి మీద శ్రద్ధ పెడితే ప్రాణాలు దక్కుతాయా? 2019లో స్విట్జర్లాండ్ వాళ్లు ఎనిమిది ఆసుపత్రుల్లో, పోషకాహార లోపం ముప్పున్న రెండువేల పైచిలుకు పేషెంట్ల మీద చూశారు. సగం మందికి మామూలు ఆసుపత్రి భోజనం. సగం మందికి ఎవరికెంత కావాలో డైటీషియన్ లెక్కగట్టి పెట్టించింది. నెలరోజుల్లో మొదటి జట్టులో నూటికి పదిమంది పోతే, రెండో జట్టులో ఏడుగురు. ఖరీదైన మందేమీ కాదు, అన్నం.

అందుకని మిమ్మల్ని అడిగేదొకటే. మీవాళ్లని ఆసుపత్రిలో చేర్చిన రోజే బరువు తూయించి, కేస్ షీట్‌లో రాయమనండి. ఆరునెలల కింద 60 కిలోలున్న మనిషి ఏ ప్రయత్నం చేయకుండానే 54కి దిగితే ఆ మాట డాక్టరుకి చెప్పండి. బరువు తెలియకపోతే ఉంగరం జారుతోందనో, జాకెట్టు వదులైందనో, బెల్టుకి కొత్త కన్నం పొడిచామనో చెప్పండి, చాలు. లావుగా ఉన్నవాళ్లయినా సరే. "సన్నబడ్డావే" అని మెచ్చుకుని ఊరుకోకండి. నర్సు అడిగితే మొహమాటానికి "తిన్నాడమ్మా" అనకండి. కంచంలో ఎంత మిగిలిందో చూపించండి.

బయట వరండాలో బరువు తూచే మిషన్ పెట్టించాను. వెళ్లేముందు మీతో వచ్చిన పెద్దవాళ్లని ఒకసారి ఎక్కించి, ఆ అంకె తేదీతో సహా కాగితం మీద రాసుకుని ఇంటికి పట్టుకెళ్లండి.